చిరునామా మారిన పురావస్తువు: విశ్వవిద్యాలయ సేకరణలో క్యూరేటర్ పని – జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సందర్భం

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయాల చరిత్ర, పురావస్తు శాఖల్లో ఉండే అధ్యయన సేకరణ ప్రజలు టికెట్టు కొని చూసే మ్యూజియం వంటిది కాదు. అందులో అధికభాగం కుండపెంకులు, రాతి పనిముట్లు, ఇనుప చిట్టెం, శాసనాల నకళ్లు, ఛాయాచిత్రాలు. వీటి విలువ రూపంలో కంటే దొరికిన చోటును గురించిన నమోదులో ఉంటుంది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల ప్రాంతంలో ఆ నమోదు ఏయే కారణాల వల్ల చెదిరిపోతుందో, దానిని నిలబెట్టడం క్యూరేటర్ బాధ్యతల్లో ఎందుకు మొదటిదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పురావస్తు సేకరణ, క్యూరేటర్, నమోదు పుస్తకం, గూడూరు శాసనం, బయ్యారం శాసనం, బృహత్ శిలా సమాధులు, పాండవులగుట్ట, పెంబర్తి.

1. ఉపోద్ఘాతం

గూడూరు పేరుతో పాత వరంగల్ జిల్లాలో రెండు ఊళ్లు ప్రసిద్ధం. ఒకటి ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోనిది. విరియాల వంశీయుల శాసనం వల్ల చరిత్ర విద్యార్థులకూ, అందులోని వృత్తపద్యాల వల్ల సాహిత్య విద్యార్థులకూ తెలిసిన గూడూరు ఇదే. రెండవది మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. ఘనపురాల సంగతీ ఇంతే. రైల్వే స్టేషన్ పేరుతో పిలిచే ఘన్‌పూర్ జనగామ జిల్లాలో ఉంది. కాకతీయుల కాలపు కోటగుళ్లున్న ఘనపురం భూపాలపల్లి జిల్లాలో ఉంది. ఈ రెండవ దానిని గుర్తుపట్టడానికి వీలుగా ‘ఘన్‌పూర్ (ములుగు)’ అని రాయడం చిరకాలంగా అలవాటు. 2019లో ములుగు వేరే జిల్లాగా ఏర్పడింది. ఘనపురం మాత్రం భూపాలపల్లిలోనే ఉండిపోయింది. కుండలీకరణంలోని మాటను నమ్మి ఇప్పుడు ములుగు జిల్లాలో వెతికేవారికి కోటగుళ్లు దొరకవు.

గుడి సంగతైతే దారిలో ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. గుడ్డసంచిలో మూటగట్టిన పిడికెడు కుండపెంకులకు ఆ వీలు లేదు. సంచికి కట్టిన చీటీ మీద ‘ఘన్‌పూర్’ అని మాత్రమే ఉంటే, ఆ పెంకులు ఎనభై కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు వేర్వేరు చరిత్రల్లో దేనికైనా సాక్ష్యం కాగలవు. అంటే, కచ్చితంగా దేనికీ సాక్ష్యం కావు.

విశ్వవిద్యాలయంలో పురావస్తు సేకరణను చూసుకొనే వ్యక్తికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. ‘సంగ్రహాలయాధ్యక్షుడు’ అన్న మాట ప్రభుత్వ మ్యూజియానికి సరిపోతుంది కాని, బోధనా, పరిశోధనా, భద్రపరచడమూ కలిసిన ఈ పనికి చాలదు. వాడుకలో ఉన్న ‘క్యూరేటర్’ అన్న మాటనే ఇక్కడ స్వీకరించడమైనది. ఈ కలయిక పాతదే. 1884లో పిట్-రివర్స్ తన సేకరణను ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇస్తూ, ఆ విషయంపై పాఠం చెప్పే అధ్యాపకుణ్ణి నియమించాలని షరతు పెట్టాడు. ఆ విధంగా ఎడ్వర్డ్ టైలర్ అక్కడ మానవశాస్త్ర బోధకుడయ్యాడు. వస్తువులతో పాటు వాటిని గురించి చెప్పే మనిషి కూడా ఉండాలన్నది దాత ఉద్దేశం. లండన్ యూనివర్సిటీ కాలేజీలోని పెట్రీ సేకరణ కూడా విద్యార్థుల కోసం ఏర్పడినదే. ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టు సమాధుల్లోని మామూలు కుండలను వరుసలో పేర్చి, రాతల ఆధారం లేని కాలానికి సాపేక్ష కాలక్రమాన్ని తయారుచేయగలిగాడు. ఏ కుండ ఏ సమాధిలో ఏ ఇతర కుండలతో కలిసి దొరికిందో రాసిపెట్టి ఉండటం వల్లనే అది సాధ్యమైంది. కుండలు ఉండి ఆ రాతలు లేకపోతే ఆయన చేతిలో మిగిలేవి కుండలే.

2. తాలూకా, జిల్లా, ఫసలీ

2016 అక్టోబర్ 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పటంలోకి వచ్చాయి. పురావస్తు చిరునామాలు మారడం అప్పుడే మొదలు కాలేదు. జనగామ తాలూకా నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలోనిది. 1946లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండిని సాయుధ పోరాట సాహిత్యం ‘నల్లగొండ జిల్లా జనగామ తాలూకా’ అనే రాస్తుంది. ఆ తాలూకా 1950లలో వరంగల్ జిల్లాలో చేరింది. బయ్యారం, గార్ల ప్రాంతం కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. 1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడిపోయినప్పుడు ఆ ప్రాంతం ఖమ్మం వైపు పోయింది. 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. గోదావరి వైపు అడవుల్లోని తాడ్వాయి, మంగపేట, ఏటూరునాగారం మండలాలు 2016 దాకా వరంగల్ జిల్లాలో, తరువాత మూడేళ్లకు లోపు భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు జిల్లాలో ఉన్నాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడం వీటన్నిటి మీద వచ్చిన మరొక పొర.

పరిశోధకుని దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. జిల్లాలవారీగా అచ్చయిన శాసన సంపుటాలు ఈ మార్పుల మధ్య కాలానికి చెందినవి. వరంగల్ జిల్లా శాసన సంపుటం 1974లో వచ్చింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా శాసనాలన్నీ అందులోనే ఉంటాయనుకొనే విద్యార్థికి బయ్యారం కనిపించదు, ఎందుకంటే ఆనాడు బయ్యారం వరంగల్ జిల్లాలో లేదు. సిద్ధాంత వ్యాసాల్లో ‘ఈ జిల్లాలో మొత్తం ఇన్ని శాసనాలు’ అని ఇచ్చే లెక్కల్లో కొన్ని తప్పడానికి ఇదొక కారణం.

కాలం నమోదులోనూ ఇటువంటి చిక్కే ఉంది. హైదరాబాద్ రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఏర్పడింది. నిజాం పాలనలో అధికారిక సంవత్సరం ఫసలీ. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. 1324 ఫసలీ అంటే 1914–15. పాత చీటీ మీద ‘1345’ అని ఉంటే అది 1935–36లో సేకరించిన తేదీ. ఫసలీని ఎరుగని విద్యార్థి దానిని శకసంవత్సరంగానో, వస్తువు కాలంగానో తీసుకుంటే కాకతీయానంతర యుగానికి లేని ఆధారం ఒకటి పుడుతుంది. ఊరి పేర్లు ఉర్దూ లిపిలో రాసినప్పుడు హ్రస్వాచ్చులు తరచుగా కనిపించవు, ఒకే గుర్తు రెండు మూడు అచ్చులకు పనిచేస్తుంది. కురవి, కొరవి ఆ లిపిలో విడివిడిగా తేలవు. జనం నోట మానుకోటగా ఉన్న ఊరు కాగితం మీద మహబూబాబాద్‌గా ఉండటం అందరికీ తెలిసిందే.

ఈ స్థితిలో క్యూరేటర్ చేయకూడనిది ఒకటి ఉంది. అది పాత చీటీని తీసేసి ‘సరైన’ కొత్త చీటీ కట్టడం. సదుద్దేశంతో జరిగే పని అయినా, దాని నష్టం పూడ్చలేనిది. పాత చీటీలోని రాత, వర్ణక్రమం, సిరా, తాలూకా పేరు అన్నీ ఆధారాలే. సేకరించినది ఎవరో, ఎప్పుడో అవి చెప్పగలవు. పాతది ఉన్నది ఉన్నట్టు నకలు తీసి, దాని పక్కన సేకరణనాటి జిల్లా-తాలూకా, నేటి జిల్లా-మండలం, గ్రామ సర్వే నంబరు, అక్షాంశ రేఖాంశాలు వేర్వేరు గళ్లలో రాయాలి. ఏ గడిని ఎవరు ఏ ఆధారంతో నింపారో కూడా రాయాలి. ‘బహుశా జనగామ ఘన్‌పూర్’ అన్న ఊహ ఒక తరం గడిచాక ‘జనగామ ఘన్‌పూర్’గా మారిపోవడానికి ఆ ‘బహుశా’ను ఒక్కరు వదిలేస్తే చాలు.

3. కాటాపురం ‘శిలువలు’

చిరునామా, సందర్భం చాలినంతగా లేని సమాచారం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి ఈ ప్రాంతంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. గోదావరికి దక్షిణాన అడవుల్లో, కాటాపురం, మల్లూరు పరిసరాల్లో, రాతిపలకల సమాధుల దగ్గర శిలువ ఆకారంలో చెక్కిన నిలువురాళ్లున్నాయని ముల్హెరన్ 1868లో ఆసియాటిక్ సొసైటీ దృష్టికి తెచ్చాడు. నాలుగేళ్ల తరువాత జేమ్స్ ఫెర్గుసన్ ప్రపంచంలోని బృహత్ శిలా నిర్మాణాలపై తన గ్రంథంలో వీటిని వాడుకున్నాడు. ఇటువంటి నిర్మాణాలు అనుకొనేంత ప్రాచీనమైనవి కావు, చాలావరకు క్రీస్తుశకంలోనివే అన్నది ఆయన మొత్తం వాదం. కాటాపురం శిలువలు ఆ వాదానికి బాగా ఒదిగాయి. అవి క్రైస్తవ శిలువలే అని ఆయన నమ్మాడు. అదే గ్రంథంలో ఇటువంటి మరొక సమాధి బొమ్మకు ఇచ్చిన చిరునామా నిర్మల్ అడవి అన్నంత మాత్రమే. ఒక్క అడవి పేరు చాలనుకొన్న రోజులవి.

1877లో భూగర్భ సర్వేక్షణకు చెందిన విలియం కింగ్ మంగపేట దగ్గరి సమాధుల గురించి బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆయన వ్యాస శీర్షికలోనే ఆ రాళ్లను ‘శిలువ ఆకారపు ఏకశిలలు’ అన్నాడు. శిలువలు అనలేదు. ఆకారాన్ని చెప్పి అర్థాన్ని తరువాతివారికి వదిలిపెట్టిన ఈ చిన్న జాగ్రత్త నమోదు పుస్తకం రాసేవారికి గొప్ప పాఠం. తరువాతి పరిశోధన ఈ రాళ్లను మానవాకృతి శిలలుగా గుర్తించింది. చాచిన చేతులు, పైన తల. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి. రావు ఈ అటవీ ప్రాంతంలోని డాల్మెన్లను విస్తృతంగా పరిశీలించారు. గుండాల వైపు అడవుల్లో స్త్రీ అవయవాలను స్పష్టంగా చెక్కిన ఆకృతులు కూడా ఉండటంతో శిలువ వాదానికి చోటు లేకుండా పోయింది. తాడ్వాయి మండలం దామరవాయిలో ఇటువంటి రాతిగూళ్లు గుట్ట నిండా ఉన్నాయి. జనం వాటిని రాకాసిగూళ్లు అంటారు. ఈ పేరును ‘మూఢనమ్మకం’ గడిలో వేసి వదిలేయడం కూడా ఒక తొందరపాటే. సర్వే పటం మీద లేని సమాధుల గుంపును గొర్రెలకాపరి ఆ పేరుతోనే చూపిస్తాడు.

ఫెర్గుసన్ అజ్ఞాని కాడు. తన కాలానికి గొప్ప పండితుడు. ఆయన దగ్గర లేనిది రాయి పక్కన ఏముందన్న వివరం. సమాధిలో ఏ పెంకులు, ఏ ఇనుప వస్తువులు దొరికాయి, శిలువ సమాధితో పాటే నిలిపారా తరువాత నిలిపారా అన్న ప్రశ్నలకు జవాబు బొమ్మలో ఉండదు. ఈ మూడు జిల్లాలకు పడమరన, భువనగిరి దగ్గరి రాయగిరిలో డాక్టర్ ఇ.హెచ్. హంట్ తవ్విన సమాధుల వివరాలు 1924లో లండన్ మానవశాస్త్ర సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. తెలంగాణ సమాధుల లోపలి అమరికను శ్రద్ధగా రాసిన తొలి రచనల్లో అది ఒకటి.

4. రాయి ఊళ్లో, నకలు బీరువాలో

శాసనాల విషయంలో ఈ ప్రాంతం అదృష్టం చేసుకున్నది. కురవిలో దొరికిన కొరవి శాసనం తెలుగు గద్యానికి చాలా పాత నమూనాల్లో ఒకటి. ముదిగొండ చాళుక్యుల చరిత్రకు అదే ముఖ్యాధారం. గూడూరు శాసనం చాళుక్య విక్రమ శకం 49వ సంవత్సరానిది, అంటే క్రీ.శ. 1124. చంపకమాల, ఉత్పలమాల వృత్తాల్లో ఉన్న ఈ శాసనం విరియాల వంశ ప్రశస్తితో పాటు, కాకతి బేతరాజు నిలదొక్కుకోవడానికి ఆ వంశపు కామసాని చేసిన సాయాన్ని చెబుతుంది. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రాన్ని తవ్వించిన సందర్భంలో వేసింది. అందులోని వంశక్రమం వెన్నుడితో మొదలవుతుంది. తూర్పు చాళుక్య దానార్ణవుని మాగల్లు తామ్రశాసనంలోని కాకర్త్య గుండ్యనతో ఈ క్రమాన్ని జోడించడం వల్లనే కాకతీయుల తొలి తరాల చరిత్ర ఒక కొలిక్కి వచ్చింది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1978లో ప్రచురించిన కాకతీయ చరిత్రలో బయ్యారానికి ఉన్న స్థానం ఆ గ్రంథం చదివినవారికి తెలుసు.

ఒక చెరువుకట్ట మీది రాయి కృష్ణాతీరపు రాగిరేకుతో కలిసి మాట్లాడింది. రెండింటికీ పాఠాలు ఉండబట్టి ఇది జరిగింది. పాఠాల వెనక నకళ్లున్నాయి. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపి, సిరా అద్ది తీసిన కాగితం అది. విశ్వవిద్యాలయ బీరువాలో మడిచి పెట్టిన పాత నకలు, ఇప్పుడు ఊళ్లో ఉన్న రాయి కంటే కొన్నిసార్లు ఎక్కువ చదువుతుంది. ఈ యాభై అరవై ఏళ్లలో రాళ్ల మీద సున్నం పడింది, రంగు పడింది, గుడి జీర్ణోద్ధరణలో కొన్ని అంచులు విరిగాయి. అందుచేత నకలును ‘కాపీ’ అనుకొని రెండవ తరగతి వస్తువుగా చూడటం సరి కాదు. దాని మీద తీసిన తేదీ, తీసినవారి పేరు, రాయి ఏ ముఖం, అప్పటికి రాయి ఎక్కడ నిలిచి ఉంది అన్నవి ఉంటే అది స్వతంత్రమైన పురావస్తు ఆధారం. మడతల దగ్గర కాగితం చిట్లుతుంది, అందుకే చుట్టగా గాని, పరిచి గాని ఉంచాలి. వెండిపురుగుకు పిండి జిగురు ఇష్టమన్నది అనుభవం మీద అందరికీ తెలిసే విషయం.

ఇక్కడ విశ్వవిద్యాలయాలకు ముందు పనిచేసినవారిని తలచుకోవడం న్యాయం. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ తొలి సంపుటాన్ని తెచ్చింది. శ్రీనివాసాచార్ తెలింగాణా శాసన సంపుటం 1940లో హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో వచ్చింది. మొదటిది ఔత్సాహికుల పని, రెండవది ప్రభుత్వ శాఖ పని. నేడూ కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటి స్వచ్ఛంద బృందాలు ఊరూరా తిరిగి శాసనాలను, వీరగల్లులను వెలుగులోకి తెస్తున్నాయి. వారి వార్తలు దినపత్రికల జిల్లా పేజీల్లో వచ్చి మరునాటికి మరుగున పడతాయి. ఆ కత్తిరింపులను, వారి ఫోన్లలోని ఛాయాచిత్రాలను తేదీతో, వారి పేరుతో సేకరణలో చేర్చుకోవడం విశ్వవిద్యాలయానికి చిన్నతనం కాదు.

5. పెంకు, చిట్టెం, పాటిమన్ను

అధ్యయన సేకరణకు ఆదర్శంగా దక్షిణ భారతంలో చూపదగినది రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరణ. 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం దానిని తీసుకుంది. ఆయన 1912లో మరణించాడు. వివరణాత్మక సూచిక 1914లో, వస్తువుల కాలం, వ్యాప్తి గురించిన సంపుటం 1916లో వెలువడ్డాయి. ఒక శతాబ్దం తరువాత కూడా పరిశోధకులు ఆ సూచిక పట్టుకొని ఆయన నడిచిన చోట్లకు పోగలుగుతున్నారు. సేకరించినవాడే సూచిక రాయడం ఇందులోని కీలకం. సేకరించినవాడి తలలో ఉన్నది కాగితం మీదికి రాకముందే అతడు పదవీవిరమణ చేస్తే, మిగిలేది సంచులు.

తెలంగాణ విషయంలో ఇటీవలి మంచి ఉదాహరణ లోహవిద్యకు సంబంధించినది. బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి 2010లో ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇనుము, ఉక్కు తయారీ స్థలాలను పరిశీలించాయి. శారదా శ్రీనివాసన్, గిలియన్ జూలెఫ్ నాయకత్వం వహించిన ఈ పనిలో, ఇక్కడి ఇనుము-ఉక్కు పరిశ్రమ చరిత్రపై అప్పటికే కృషి చేసిన ఎస్. జైకిషన్ భాగస్వామి. మధ్యంతర నివేదిక 2011లో వచ్చింది. వారు వెతికినది బంగారం కాదు, విగ్రహాలు కాదు. ఊరి బయట దిబ్బలుగా పడి ఉండే ఇనుప చిట్టెం, మూసల ముక్కలు, కొలిమి గొట్టాలు. రోడ్డు గుంతల్లో పోయడానికి తప్ప పనికిరావని జనం అనుకొనేవి. ఒక చిట్టెపు ముక్కలో ఖనిజం రకం, కొలిమి వేడి, ఊదిన గాలి అన్నీ గడ్డకట్టి ఉంటాయి. బయ్యారం ఇనుప ఖనిజం మీద నేడు ఉక్కు కర్మాగారం గురించి ఎంతో చర్చ జరుగుతుంది. అదే నేల మీద పాత కమ్మరులు ఏం చేశారన్న ప్రశ్నకు జవాబు ఉండేది చిట్టెంలోనే.

మొదట తీసిపెట్టినప్పుడు ఊహించని ప్రశ్నలకు తరువాత జవాబు ఇవ్వడమే అధ్యయన సేకరణకు ఉన్న బలం. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉన్న బృహత్ శిలా సమాధిని తవ్వినప్పుడు దొరికిన ఆధారాలపై, ఓఎస్ఎల్ పద్ధతిలో వచ్చిన కాలనిర్ణయం దక్షిణాదిలో ఇనుము ప్రాచీనతను క్రీ.పూ. 2000 ప్రాంతానికీ, అంతకు ముందుకూ తీసుకుపోయింది. ఈ పద్ధతి వాడాలంటే మట్టి, పెంకు ఏ పొరలోవో తెలియాలి, వెలుతురు తగలకుండా తీసి ఉండాలి. కడిగి, ఎండబెట్టి, గాజు పెట్టెలో అందంగా అమర్చిన పెంకు ఈ పరీక్షకు ఇంచుమించు పనికిరాదు. అందువల్ల ప్రతి తవ్వకం నుంచి కొంత మట్టిని, కొన్ని పెంకులను కడగకుండా అలాగే ఉంచడం మేలు. పరిశీలనకు వచ్చే అధికారులకు అది చెత్తగా కనబడవచ్చు. వివరించి చెప్పడం క్యూరేటర్ పనిలో భాగం.

ఉపరితల సేకరణలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త మరొకటి అవసరం. పాత ఊరి దిబ్బను ఇక్కడ పాటిగడ్డ అంటారు. ఆ మట్టి సారవంతమని రైతులు తరతరాలుగా బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద, పొలాలకు తోలుకుంటారు. పాటిమన్నుతో పాటు పెంకులూ, పూసలూ, ఒక్కొక్కప్పుడు నాణేలూ పోతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడికమట్టి కూడా పొలాలకు చేరింది. అంటే, చేలో పెంకులు దొరికినంత మాత్రాన ఆ చేను ప్రాచీన నివాసస్థలం కాదు. ‘ఈ చేనికి మన్ను తోలారా, ఎక్కడి నుంచి తోలారు’ అని రైతును అడగనిదే సర్వే నంబరు రాసినా ఫలితం లేదు. నమోదు ఫారంలో ఈ ప్రశ్నకు ఒక గడి ఉండాలి. పాశ్చాత్య క్షేత్రపరిశోధన పాఠ్యగ్రంథాల నుంచి తెచ్చుకున్న ఫారాల్లో అది ఉండదు.

6. ఎత్తుకు రాలేనివి

రేగొండ మండలం తిరుమలగిరి దగ్గరి పాండవులగుట్ట ఇసుకరాతి కొండల వరుస. 1990 తరువాత పరిశోధకుల దృష్టికి వచ్చిన ఇక్కడి రాతిచిత్రాల్లో మధ్యశిలాయుగం నాటివిగా భావించేవి మొదలు మధ్యయుగాల దాకా పలు కాలాలవి ఉన్నాయి. జింకలు, చేపలు, జ్యామితీయ గుర్తులు ఒక వైపు, భారత కథా పాత్రలుగా జనం గుర్తించే బొమ్మలు మరొక వైపు. కొండకు పాండవుల పేరు, గుహకు గొంతెమ్మ పేరు రావడం ఆ రెండవ రకం చూపు. ఇందులో ఏదీ బీరువాలోకి రాదు. ఇసుకరాయి తేమను పీలుస్తుంది, పొర ఊడుతుంది, సందర్శకులు పేర్లు గీకుతారు. ఇక్కడ సేకరణ అంటే రంగుల కొలబద్దతో తీసిన ఛాయాచిత్రాలు, ఏ బొమ్మ మీద ఏ బొమ్మ వేశారన్న పరిశీలన, ఏడాది విడిచి ఏడాది అదే కోణంలో తీసిన పోలికలు. అటువంటి ఛాయాచిత్రాల వరుస ఉన్నప్పుడే, రంగు నిజంగా వెలిసిపోతున్నదా అన్న ప్రశ్నకు అభిప్రాయంతో కాక ఆధారంతో జవాబు చెప్పగలం.

రావలసినవే అయినా తేకూడనివి కొన్ని ఉన్నాయి. నవీన శిలాయుగపు నునుపు గొడ్డళ్లను ఊళ్లలో పిడుగురాళ్లు అంటారు. వేపచెట్టు కిందో, గ్రామదేవత గద్దె మీదో పసుపు కుంకుమలతో ఉంటాయి. ఒకప్పటి పరిశోధకులు వాటిని అడిగి గాని, అడగక గాని తెచ్చుకున్నారు. ఆ గొడ్డలి అక్కడికి దగ్గరి పొలంలో దొరికిందా, పొరుగూరి నుంచి వచ్చిందా అన్నది చెప్పగలిగిన పూజారి అక్కడే ఉన్నాడు. దానిని ఎత్తుకు వచ్చిన మరుక్షణం ఆ చెప్పే గొంతు వేరైపోతుంది. కొలతలు తీసి, బొమ్మ గీసి, చెప్పిన మాట రాసుకొని, నమోదు పుస్తకంలో ‘స్వస్థలంలోనే ఉంది’ అని వేసి రావడం ఉత్తమం. తన దగ్గర లేని వస్తువుకు సంఖ్య ఇవ్వడం ఆడిటు చేసేవారికి వింతగా తోచవచ్చు. కాని గూడూరు రాయి, దామరవాయి గూళ్లు, గొంతెమ్మ గుహ బొమ్మలు ఏవీ విశ్వవిద్యాలయం సొత్తు కావు. ఈ మూడు జిల్లాల అసలు సేకరణ ఊళ్లలోనే ఉంది. విశ్వవిద్యాలయం దగ్గర ఉండగలిగేది దాని పుస్తకం.

7. పెంబర్తి బిందె

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి దగ్గర, ఇళ్లస్థలాల కోసం యంత్రంతో నేల చదును చేస్తుండగా ఒక లోహపు బిందె బయటపడింది. అందులో సుమారు 190 గ్రాముల బంగారు, 1.7 కిలోల వెండి ఆభరణాలు ఉన్నాయని వార్తలు వచ్చాయి. ఇత్తడి, కంచు పనికి దేశమంతా పేరున్న ఊరి పొలిమేరలో పాతిపెట్టిన ఆభరణాలు దొరకడం చరిత్రకారులకు చిన్న సంగతి కాదు. నగల పనితనం ఏ కాలానిది, పాతిపెట్టినది గృహస్థుడా, దేవాలయమా, ఏ భయానికి పాతిపెట్టారు అన్న ప్రశ్నలు సహజంగా వస్తాయి.

ఇటువంటి సందర్భానికి వర్తించే చట్టం 1878 నాటి నిక్షేపాల చట్టం. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికినవారు దాని స్వభావం, పరిమాణం లేదా సుమారు విలువ, దొరికిన స్థలం, తేదీ కలెక్టరుకు రాసి తెలపాలి. స్థలం గురించి చెప్పమని చట్టం అడిగింది. కాని చట్టం పుట్టింది సొత్తు ఎవరిదన్న తగవు తీర్చడానికి. అందుచేత దాని భాష తూకం భాష. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నమోదు చేయించవలసిన వస్తువుల జాబితా కూడా ప్రధానంగా శిల్పాలు, చిత్రాలు, చిత్రిత వ్రాతప్రతుల చుట్టూ తిరుగుతుంది. పెంకుకూ, చిట్టేనికీ ఆ జాబితాలో చోటు లేదు. చట్టం వదిలేసిన ఈ మిగులును పట్టించుకోగలిగినది విశ్వవిద్యాలయమే.

పంచనామాలో గ్రాములు ఉంటాయి. క్యూరేటర్ అడిగే ప్రశ్నలు వేరు. బిందె ఎంత లోతులో ఉంది? నిలబెట్టి పాతారా, పడుకోబెట్టారా? నగలు ఏ వరుసలో పేర్చి ఉన్నాయి? గుడ్డ పోగులు అంటుకొని ఉన్నాయా? బిందె లోపలి మట్టి బయటి మట్టి ఒకటేనా? చుట్టుపక్కల గోడ పునాది, గచ్చు, బొగ్గు కనిపించాయా? వీటిలో చాలావాటికి జవాబు యంత్రం మొదటి పోటుతోనే పోతుంది. అయినా ఆ రోజు అక్కడ పనిచేసిన డ్రైవరు, కూలీలు చూసినది అడిగి రాసిపెడితే కొంత నిలుస్తుంది. అలా అడగడానికి వారం రోజులకు మించి గడువు ఉండదు. జనగామ నుంచి హైదరాబాద్ దారి పొడవునా ఇటువంటి చదును పని సాగుతూనే ఉంది. భూపాలపల్లి వైపు ఓపెన్‌కాస్ట్ గనులు, మిగతా చోట్ల గ్రానైట్ క్వారీలు అదే పనిని మరింత లోతుగా చేస్తున్నాయి. పొలం ప్లాట్లుగా విడిపోయి ప్లాటు నంబర్లు పడ్డాక, ఆ బిందె దొరికిన సర్వే నంబరు కూడా జనగామ తాలూకా, నల్లగొండ జిల్లా, ఫసలీ సంవత్సరాల పక్కన ఒక పాత చిరునామాగా చేరుతుంది.